రేపొస్తామన్న ముఠా

దమ్మపేట మండలంలో పామాయిల్ తోట ఉన్నవాడి క్యాలెండర్ వేరు. పది పదిహేను రోజులకొకసారి కోత పడాలి. ఆలస్యమైతే గెల మగ్గిపోయి పండ్లు రాలతాయి. వాటిని చెట్టు మొదట్లో కూర్చుని ఏరడానికి మళ్ళీ కూలి. కోసిన గెల ఒక రోజు తిరిగేలోపు అప్పారావుపేటకో అశ్వారావుపేటకో చేరాలి, లేకపోతే నూనెలో ఆమ్లం పెరిగి సరుకు పాడవుతుంది. అందుకని ఇక్కడ సేద్యం సగం చెట్టు దగ్గరా సగం ఫోన్‌లోనూ నడుస్తుంది. కోత ముఠాకి ఒక ఫోను, ట్రాక్టరుకి ఒకటి, కాటా దగ్గర వరస ఎంత ఉందో కనుక్కోవడానికి ఇంకొకటి.

ఈ సంవాదంలో ఇద్దరే మాట్లాడతారు. ఇద్దరూ నేను అల్లిన మనుషులే. మాటలు మాత్రం ఆ చుట్టుపక్కల వినపడేవే. మేనమామకి మందలపల్లి వైపు పామాయిల్ తోట ఉంది. మేనకోడలు ఖమ్మంలో ఒక శిక్షణ కేంద్రంలో సాఫ్ట్ స్కిల్స్ చెబుతుంది. పొద్దున ఏడింటికి రావాల్సిన ముఠా తొమ్మిదైనా రాలేదు. కాబట్టి మాట్లాడుకోవడానికి బోలెడు తీరిక.

తగువు ముఠా మేస్త్రి కూతురి గురించి. కోయ పిల్ల. అంకంపాలెం గిరిజన గురుకుల డిగ్రీ కాలేజీలో చదివింది. ఖమ్మంలో ఏదో ఉద్యోగ మేళాకి వెళ్తే 'నీ గురించి చెప్పు' అన్నారట. తల వంచుకుని నిలబడింది, తీసుకోలేదు. ఆ పిల్లని మూడు నెలలు తన దగ్గరికి పంపమని మేనకోడలు అడుగుతోంది. ఏం చేయమంటారని మేస్త్రి మామయ్యని అడిగాడు. మామయ్యకి ఇష్టం లేదు.

మామయ్య: ఆ పిల్లకి ఏం తక్కువైందని నీ దగ్గర మూడు నెలలు కూర్చోవాల? ముఠా లెక్క మొత్తం ఆ పిల్లే రాస్తది. ఎవడు కోశాడు, ఎవడు మోశాడు, ఎవడు సగం పూట చేసి జారుకున్నాడు, టన్నుకి ఇంత చొప్పున ఎవడికెంత. పంపకం అయ్యాక ఒక్కడు నోరెత్తడు. పదిమంది మగాళ్ళ మధ్య డబ్బు పంచి కొట్లాట రాకుండా చూట్టం మీ లెక్కలో ఏ స్కిల్ కిందకొస్తది?

కోడలు: అసలు స్కిల్ అదే మామయ్యా. అక్కడ చెప్పాల్సిందీ అదే. 'నీ గురించి చెప్పు' అన్నప్పుడు ఇప్పుడు నువ్వన్న నాలుగు ముక్కలు చెప్తే చాలు. తను చేసేది చెప్పుకోదగ్గ పని అని ఆ పిల్లకే తెలీదు. నా మొదటి రెండు వారాలు దానికే పోతాయి.

మామయ్య: వినేవాడేడి? అవతల కూర్చున్నోడికి కావాల్సింది 'మై ఫాదర్ నేమ్, మై హాబీస్'. గెల, కాడ, కాటా అంటే వాడికి అర్థమైద్దా?

కోడలు: కొందరికి కాదు. అయ్యేట్టు చెప్పడం కూడా పాఠమే.

మామయ్య: చూశావా? వాడికి అర్థం కాకపోతే తప్పు ఈ పిల్లది. పిల్లకి ఇంగ్లీషు అర్థం కాకపోయినా తప్పు పిల్లదే. మీ చదువంతా ఇంతే. ఉద్యోగాలు ఇయ్యలేక నీకు స్కిల్ లేదంటారు. నాకు తెలిసి పేర్లే మారినయ్. రాజశేఖర రెడ్డి ఉన్నప్పుడు జవహర్ నాలెడ్జ్ సెంటర్లన్నారు. తెలంగాణ వచ్చినాక టాస్క్ అన్నారు. ఢిల్లీ వాళ్ళది దీన్ దయాళ్ పేరు మీద ఇంకోటి. మొన్న 2024లో యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ. మా జిల్లా పేరు కూడా ఒక్కసారే మారింది, 2016లో. మీ పథకాల పేర్లే ఆగట్లేదు.

కోడలు: ఈజీఎంఎం మర్చిపోయావు. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద పెట్టారు. ఇంగ్లీషు, ఉద్యోగంలో మెలిగే తీరు, కంప్యూటరు కలిపి మూడు నెలల కోర్సు. అందులో ఒక మంచి ఆలోచన ఉంది. ఊరి పిల్లకి పని రాక ఉద్యోగం పోవట్లేదు, కొత్త చోట నాలుగు రోజులు నిలదొక్కుకోలేక పోతోంది. హాస్టల్లో గొడవ, సూపర్‌వైజర్ గట్టిగా మాట్లాడటం, ఒంట్లో బాగాలేదని చెప్పలేక డ్యూటీకే వెళ్ళకపోవడం. వాళ్ళు 'మానేసింది' అని రాసుకుంటారు. పిల్ల ఇంటికొచ్చి 'నచ్చలేదు' అంటుంది. జ్వరం వచ్చిందని ఒక్క ఫోన్ చేసుంటే ఉద్యోగం ఉండేది.

మామయ్య: పదివేల జీతానికి ఐదువేలు గది అద్దె కట్టి, హైదరాబాదులో నీళ్ళ పప్పు తిన్లేక కూడా వస్తారమ్మా ఇంటికి. అది ఫోన్ చెయ్యక కాదు.

కోడలు: అదీ నిజమే. కాదనను.

(ఆమె అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి మామయ్యకి కాస్త నిరాశ కలిగినట్టుంది. ఎదుటివాళ్ళు వాదిస్తేనే ఆయనకు ఊపు.)

మామయ్య: నేననేది విను. మాట్లాడటం అనేది నీ కేంద్రంలో పుట్టలేదు. మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య గారని ఉండేవారు. కొమ్ము కోయ కళాకారుడు. డోలి వాయిస్తా సమ్మక్క సారలమ్మ కథ కోయలో చెప్పేవారు, తెలుగులో చెప్పేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన్ని తీసుకొచ్చి నీ మేళాలో నిలబెట్టి, రెండు నిమిషాల్లో నీ గురించి చెప్పు అంటే? ఫెయిల్ చేస్తారు. జనాన్ని కూర్చోబెట్టి కథ చెప్పగలిగినోడు ఫెయిల్, నాలుగు ఇంగ్లీషు ముక్కలు బట్టీ పట్టినోడు పాస్.

కోడలు: ఆయన 2024లో పోయారు మామయ్యా. నువ్వు ఆయన పేరెత్తడం బాగుంది, ఎందుకంటే ఆయన నా వైపు సాక్షి. ఆ విద్య పుట్టుకతో రాలేదు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వంతపాడి, తప్పులు పోయి, ఏళ్ళ తరబడి నేర్చుకుంటే వచ్చేది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ గొంతు పెంచాలో, ఎవరి ముందు కోయలో చెప్పాలో, ఎవరి ముందు తెలుగులో చెప్పాలో ఇవన్నీ నేర్పితే వచ్చాయి. మాట నేర్పితే వస్తుందని నువ్వే ఒప్పుకున్నట్టు.

మామయ్య: ఆయనకి నేర్పినోళ్ళు ఆయన మనుషులు.

కోడలు: ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మా దగ్గరికొచ్చే కోయ పిల్లలకి ఇంట్లో కోయ, బళ్ళో తెలుగు, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. మూడో మెట్టు మీద నిలబెట్టి 'ఆత్మవిశ్వాసం లేదు' అని రాస్తారు. నేను ఒక బ్యాచ్‌లో మొదటి పరిచయం కోయలోనే చేసుకోమన్నా. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తల వంచుకున్న పిల్లలు ఒకరి మాట ఒకరు అందుకుంటూ నవ్వారు. అప్పుడు తెలిసింది, వాళ్ళకి లేనిది ధైర్యం కాదని. అయినా అక్కడితో ఆగితే ఉద్యోగం రాదు. మూడో మెట్టు ఎక్కించాలి.

మామయ్య: ఎక్కించు. ఎక్కినాక ఏముంది పైన?

కోడలు: ఉద్యోగాల తీరే మారిపోయింది మామయ్యా. డేవిడ్ డెమింగ్ అని అమెరికాలో ఆర్థికశాస్త్రవేత్త 2017లో రాశాడు. 1980 నుంచి 2012 లోపల అక్కడ మనుషులతో ఎక్కువగా మెలగాల్సిన ఉద్యోగాల వాటా దాదాపు 12 శాతం పాయింట్లు పెరిగిందట. లెక్కలు బాగా రావాలి గానీ మనుషులతో పని లేని ఉద్యోగాల వాటా తగ్గిందట. లెక్క యంత్రం చేస్తుంది. పక్కవాడికి కోపమొచ్చిందని యంత్రానికి తెలీదు.

మామయ్య: అమెరికా సంగతి నాకెందుకు. ఈ మేస్త్రి సంగతి చూడు. రాత్రి ఎనిమిదింటికి మాట్లాడా. 'రేపు పొద్దునే వస్తాం సార్' అన్నాడు. ఇప్పుడు ఫోను ఎత్తట్లా. నాకు తెలుసు, వేరే తోటకి పోయారు. రాలేనని రాత్రే ఒక్క ముక్క చెప్తే నేను ఇంకో ముఠాని చూసుకునేవాణ్ణి. నోటెంట ఆ మాట రాదు. మొహమాటం. ప్రతిసారీ ఇదే.

కోడలు: మామయ్యా! అరగంట నుంచి సాఫ్ట్ స్కిల్స్ అక్కర్లేదంటున్నావు. ఇప్పుడు నువ్వు మొత్తుకునేది దేనికి? వీలుకాని పని వీలుకాదని ముందే చెప్పడం. చెడ్డ కబురు ఆలస్యం చేయకుండా చెప్పడం. నా సిలబస్‌లో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇదే. షేక్ హ్యాండు, టై, నవ్వు ఒక పూటలో వచ్చేస్తాయి. 'సార్, ఇది శుక్రవారానికి అవదు, సోమవారం ఇస్తా' అని పై అధికారితో అనడం మూడు నెలలకి కూడా కొందరికి రాదు. ఇంజినీరింగ్ చదివిన వాళ్ళకీ రాదు. అన్నిటికీ ఊఁ కొట్టి, చివరి రోజు ఫోన్ స్విచాఫ్. నీ మేస్త్రికీ వాళ్ళకీ తేడా ఏముంది?

(ఇక్కడ మామయ్య దొరికిపోయాడనే అనుకున్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు కూడా. తర్వాత ఆయన చెప్పింది ఆయనకే నష్టం చేసే మాట. ఇలా తనకు తాను ఎదురు సాక్ష్యం చెప్పుకునే మనిషితో వాదించడం కష్టం.)

మామయ్య: తేడా ఉందమ్మాయ్. మేస్త్రికి నేను అడ్వాన్సు ఇచ్చా. మొన్న దసరాకి కొంత, వాళ్ళావిడ ఆపరేషన్‌కి కొంత. నేనే కాదు, అవతలి తోటాయన కూడా ఇచ్చాడు. నేను ఫోన్ చేసి 'రేపు వస్తావా' అంటే రానని ఎట్టా అంటాడు? అంటే నేనేమంటా? 'డబ్బు తీసుకునేటప్పుడు తెలీలేదా' అంటా. ఒకసారి అన్నా కూడా. అవతలాయనా అట్టాగే అంటాడు. ఇద్దరికీ ఊఁ అని, పొద్దున ఎవడు ముందు బండి పంపితే వాడి తోటకి పోతాడు. దాన్ని మనం మొహమాటం అంటున్నాం. అది అప్పు.

కోడలు: అంటే కాదని చెప్పడం వాడికి రాక కాదంటావు.

మామయ్య: వచ్చు. వాళ్ళ గూడెంలో పంచాయితీ పెడితే చూడు ఎట్టా మాట్లాడతాడో. పటేలు ముందే కాదంటాడు. నా ముందు అనలేడు. నోరు ఒకటే, చోటు వేరు. చెప్పినందుకు ఎంత పోద్దో లెక్కేసుకుని మాట్లాడతాడు మనిషి. నువ్వు ఆ ఇంజినీర్లని అడుగు. ఉద్యోగం పోద్దేమోనన్న భయం ఎంత ఉంటే మొహమాటం అంత ఉంటది.

కోడలు: సగం ఒప్పుకుంటా. మిగతా సగం అలవాటు. ఏమీ పోదని తెలిసినా నోరు పెగలని వాళ్ళు ఉంటారు. పెళ్ళికి పిలిచినవాళ్ళకి రానని చెప్పలేక వస్తామని చెప్పి మానేసేది మన ఇంట్లో ఎంతమంది? వాళ్ళకి ఎవరు అడ్వాన్సిచ్చారు?

మామయ్య: మీ అత్తయ్య సంగతి ఇక్కడెందుకు.

కోడలు: పోనీ, ఫ్యాక్టరీ లెక్క ఒకటి చెప్తా విను. బెంగళూరు చుట్టుపక్కల షాహీ ఎక్స్‌పోర్ట్స్ అని పెద్ద బట్టల కంపెనీ. అక్కడ మిషన్ల మీద కుట్టే ఆడవాళ్ళకి ఇట్లాంటి శిక్షణే ఇచ్చారు. ఎట్లా మాట్లాడాలి, టైము ఎట్లా సర్దుకోవాలి, చిక్కొస్తే ఎవరిని ఎట్లా అడగాలి. కొందరిని చీటీ వేసినట్టు ఎంచి శిక్షణ ఇచ్చి, మిగతావాళ్ళతో పోల్చి చూశారు ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు. అధ్వర్యు, కలా, నైషధం అని. 2018లో బయటపెట్టారు. శిక్షణ పొందినవాళ్ళ పని మిగతావాళ్ళకంటే 20 శాతం ఎక్కువ వచ్చింది. కుట్టు ఎవరూ కొత్తగా నేర్పలేదు మామయ్యా. చిక్కొచ్చినప్పుడు నోరు తెరిచి అడగడం నేర్పారు. దానికే అంత తేడా.

మామయ్య: మరి జీతం ఎంత పెరిగింది?

కోడలు: ...

మామయ్య: అడిగితే చెప్పవే. చెడ్డ కబురు ఆలస్యం చెయ్యకూడదని ఇప్పుడే కదా అన్నావు.

కోడలు: అర శాతం.

మామయ్య: ఇరవై శాతం పని, అర శాతం జీతం.

కోడలు: కంపెనీకి మాత్రం శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకి, పెట్టిన ఖర్చు మీద 250 శాతానికి పైగా తిరిగొచ్చిందని వాళ్ళే రాశారు. దాచలేదు.

మామయ్య: ఇంకేం. మా పశువుల సంతలో కూడా ఇంత లాభం లేదు. ఇందుకేనా మీరు నోరు తెరవడం నేర్పేది? 'దారం తెగింది, మిషన్ ఆగింది' అని చెప్పేదాకా నేర్పారు. 'ఇంత పని చేస్తున్నా, జీతం పెంచండి' అనేదాకా నేర్పలా. అక్కడికి రాగానే పాఠం ఆగిపోయింది.

(ఈ సంవాదంలో నాకు ఎక్కువ విలువైనదిగా కనపడేది ఈ చోటు. మృదు నైపుణ్యాలని పుస్తకాల్లో ముద్దుగా రాసేవాటిలో వినడం, సర్దుకుపోవడం, కోపం ఆపుకోవడం ఉంటాయి. బేరం ఆడటం కొన్నిట్లో ఉంటుంది, అదీ మేనేజర్లకు రాసిన పుస్తకాల్లో. కింది మెట్టు మీద ఉన్నవాళ్ళ పాఠంలో ఆ అధ్యాయం చాలాసార్లు కనపడదు. మామయ్య వాదన మోటుగా ఉన్నా దెబ్బ సరిగ్గానే తగిలింది.)

కోడలు: మరి ఆ పాఠం ఎవరు చెప్పాలి?

మామయ్య: చెప్పినోళ్ళున్నారు. మా పెద్దన్న కొత్తగూడెంలో బాయి పని చేశాడు. ఏడో తరగతి. గేట్ మీటింగుల్లో నిలబడీ నిలబడీ మాట నేర్చాడు. షిఫ్టు దిగేటప్పుడు బొగ్గు మసితో అట్టానే మైకు పట్టుకునేవాడు. మేనేజర్ గదిలోకి పోయి కుర్చీలో కూర్చుని, గొంతు పెంచకుండా, రూలు నంబరు చెప్పి మరీ అడిగేవాడు. 1998లో సింగరేణిలో గుర్తింపు సంఘానికి రహస్య ఓటింగు పెట్టినప్పుడు బాయి బాయికీ తిరిగి మాట్లాడాడు. అవతలి సంఘం వాళ్ళు ఒక పక్క, మేనేజ్‌మెంట్ ఒక పక్క. ఇద్దరితో మాట చెడకుండా పని అవ్వాలి. అది సాఫ్ట్ స్కిల్ కాదా? ఎవరూ సర్టిఫికెట్ ఇయ్యలేదు.

కోడలు: కాదని ఎవరన్నారు? పెదమామయ్య వెనక సంఘం ఉంది. ఆయన ఒక్కడే మాట్లాడినా వెయ్యిమంది మాట్లాడినట్టు. ఈ పిల్ల వెళ్ళేది ఏ బట్టల షాపుకో, ఆసుపత్రి రిసెప్షన్‌కో. ఏ ఏజెన్సీ కిందో కాంట్రాక్టు. అక్కడ గేటు ఉంటుంది గానీ మీటింగు ఉండదు. తన కోసం తనే మాట్లాడుకోవాలి. అందుకే నేర్పాలంటున్నా.

మామయ్య: నేర్పితే నీ కేంద్రం ఒప్పుకుంటదా? జీతం చీటీ చదవడం, పీఎఫ్ ఎంత కోశారో అడగడం, ఓవర్‌టైమ్ లెక్క చూడటం ఇవన్నీ నేర్పి పంపితే కంపెనీలోళ్ళు మళ్ళీ మీ పిల్లల్ని తీసుకుంటారా?

కోడలు: ఇబ్బందే. దీన్ దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన 2014లో మొదలైంది కదా, అందులో శిక్షణ పొందినవాళ్ళలో ఎక్కువమందికి ఉద్యోగం చూపించి తీరాలని పెట్టారు. మంచి నిబంధనే. లేకపోతే పాఠం చెప్పి చేతులు దులుపుకుంటారు. కానీ దానివల్ల ఏ కేంద్రానికైనా కంపెనీతో స్నేహం ముఖ్యమైపోతుంది. పిల్ల తరఫున ఉండాల్సిన మేము కొంచెం కొంచెంగా అటు జరుగుతాం. నేను జీతం చీటీ పాఠం చెబుతున్నా. సిలబస్‌లో లేదు, 'నంబర్లు చదవడం' అని రాసి చెబుతున్నా.

మామయ్య: దొంగతనంగానా?

కోడలు: మెత్తగా.

మామయ్య: సరే, ఒక పని చెయ్. పంపిస్తా అని మేస్త్రికి నేనే చెప్తా. నీ మొదటి పాఠం 'నీ గురించి చెప్పు' కాదు. ఆ పిల్ల అవతలివాణ్ణి అడగాల. డ్యూటీ ఎన్ని గంటలు, సెలవు ఎప్పుడు, జీతం చేతికొచ్చేది ఎంత, రాత్రి షిఫ్టయితే బండి ఉంటదా. నాలుగు ప్రశ్నలు. మర్యాదగా, తల ఎత్తి. అది వచ్చినాక నీ షేక్ హ్యాండు నేర్పు.

కోడలు: ఒప్పుకున్నా. నాదీ ఒక షరతు. ముఠా లెక్క ఆ పిల్ల రాస్తుందన్నావు. టన్నులు, కూలి, ఎవరికెంత. ఆ లెక్క వల్ల నీ తోటలో కొట్లాట లేదు, పని ఆగట్లేదు.

మామయ్య: అదే కదా మొదట్నుంచి చెప్తున్నా.

కోడలు: రాసినందుకు ఇన్నేళ్ళలో ఎంతిచ్చావు?

మామయ్య: ఎంతిచ్చేదేంటి? వాళ్ళ ముఠా లెక్క వాళ్ళు రాసుకుంటే నేనెందుకిస్తా?

కోడలు: కాటా చీటీలు కూడా తనే జాగ్రత్త చేస్తుందని నువ్వే చెప్పావు పోయినసారి. బ్యాంకులో డబ్బు పడిందో లేదో తనే చూసి చెప్తుందన్నావు. అవి నీ లెక్కలు. బెంగళూరు కంపెనీ అర శాతమైనా ఇచ్చింది.

మామయ్య: ... టన్నుకి పది రూపాయలు వేస్తాలే.

కోడలు: నాతో ఎందుకు బేరం? ఆ పిల్లకి ఫోన్ చెయ్. ఎంత కావాలో తనే అడుగుతుంది.

మామయ్య: ఆ పిల్లా? నన్నా? అడగదు.

కోడలు: అందుకే మూడు నెలలు పంపమంటున్నా.

మామయ్య: మూడు నెలలు కాదు, మూడేళ్ళు నేర్పు. ఖమ్మంలో ఎవణ్ణయినా అడుగుద్ది. నన్ను అడగదు. వాళ్ళ నాన్న దగ్గర నా అడ్వాన్సు ఇంకా ఉంది.